కెర్నల్ మాడ్యూల్‌లో లీకు పట్టుకోవడం: మొదటి కొలత నుంచి ప్యాచ్ దాకా

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో డ్రైవర్ల పనిలో కొత్తగా చేరినవారు, అమీర్‌పేటలో లినక్స్ కోర్సు ముగించి సొంతంగా మాడ్యూళ్లు (లినక్స్ మూల భాగమైన కెర్నల్‌కు జతయ్యే కోడ్ ముక్కలు) రాసుకుంటున్నవారు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. మాడ్యూల్ బాగానే పనిచేస్తోంది, కానీ రోజులు గడిచేకొద్దీ మెమరీ తరిగిపోతోంది, ఏ టూల్ వాడాలి?

మాడ్యూల్ తీసుకున్న వనరును తిరిగి వదలకపోవడమే లీకు. దాన్ని పట్టుకోవడంలో టూల్ మూడో పని. మొదటిది కొలత. రెండోది పోతున్న వనరు ఏ రకమో తేల్చడం. ఈ రెండూ చేయకుండా టూల్ పట్టుకుంటే వేల వరుసల రిపోర్టు వస్తుంది, అందులో మీది ఏదో తెలియదు.

మామూలు ప్రోగ్రాం ముగియగానే దాని మెమరీని, ఫైళ్లను, సాకెట్లను కెర్నల్ వెనక్కి లాక్కుంటుంది. మాడ్యూల్ వెనుక అలా ఊడ్చేవారు ఎవరూ లేరు. ఆర్ఎంమాడ్ ఆదేశంతో దించేస్తే దాని కోడ్, గ్లోబల్ డేటా పోతాయి. అది కేమాలాక్‌తో (కెర్నల్‌లో మెమరీ అడిగే ఫంక్షన్) తీసుకుని వదలని మెమరీ మాత్రం మళ్లీ బూట్ చేసేదాకా అలాగే ఉండిపోతుంది.

ఒక ఊహాత్మక డ్రైవర్‌ను ఉదాహరణగా పెట్టుకుందాం. వర్షాకాలంలో నాలా నీటిమట్టాన్ని సెకనుకోసారి చదివే ఐ2సీ (రెండు వైర్ల బస్) సెన్సర్, 512 ఎంబీ ర్యామ్ ఉన్న చిన్న బోర్డు. ఒక్కో రీడింగ్‌కు 128 బైట్లు పోతున్నాయనుకోండి. రోజుకు 86,400 రీడింగులు, అంటే పదిన్నర ఎంబీ. జూన్ మొదట్లో పెట్టిన బోర్డు అసలు వానలు ముదిరే జూలై చివరకే చతికిలపడుతుంది. టేబుల్ మీద పది నిమిషాలు పరీక్షిస్తే ఇది కనబడనే కనబడదు.

కింద చెప్పేదంతా 6.1, ఆ తర్వాతి లినక్స్ కెర్నళ్లకు వర్తిస్తుంది. ఫంక్షన్లు, ఫైళ్ల పేర్లను పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటి అసలు రూపాన్నే వాడండి.

1. పరీక్షకు యంత్రం సిద్ధం చేసుకోవడం

రోజూ పనిచేసే ల్యాప్‌టాప్ మీద ఈ పరీక్షలు చేయవద్దు. హార్డ్‌వేర్ అవసరం లేని మాడ్యూల్ అయితే క్యూఈఎంయూ వర్చువల్ మెషీన్ చాలు. వర్ట్‌మీ-ఎన్‌జీ వాడితే మీరు బిల్డ్ చేసిన కెర్నల్ అప్పటికప్పుడు బూట్ అవుతుంది, కుప్పకూలినా పోయేదేమీ లేదు.

నిజమైన బోర్డు తప్పనిసరైతే సీరియల్ కన్సోల్ పెట్టుకోండి. దానికి కావలసిన యూఎస్‌బీ-టీటీఎల్ కేబుల్ కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో దొరుకుతుంది. కొనేటప్పుడు 3.3 వోల్టులదేనని అడిగి తీసుకోండి. 5 వోల్టుల సిగ్నల్ రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డుల పిన్నులను కాల్చేస్తుంది. సీరియల్ పిన్నులు అందని యంత్రానికి నెట్‌కన్సోల్ పెట్టి, కెర్నల్ సందేశాలను యూడీపీ ద్వారా పక్క యంత్రానికి పంపించుకోవచ్చు.

తర్వాత కెర్నల్. ఉబుంటు మామూలు కెర్నల్‌లో మనకు కావలసిన డీబగ్ ఆప్షన్లలో చాలావరకు ఉండవు. బూట్ డైరెక్టరీలోని కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూస్తే తెలిసిపోతుంది. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాడేవారికి విడిగా డీబగ్ కెర్నల్ ప్యాకేజీ ఉంది. మిగతావారు సొంతంగా బిల్డ్ చేసుకోవాలి. ముందు మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఇస్తే మీ యంత్రంలో వాడుకలో ఉన్న మాడ్యూళ్లే మిగులుతాయి, బిల్డ్ సమయం బాగా తగ్గుతుంది.

ఆన్ చేయవలసిన ఆప్షన్లు:

- డీబగ్ కేమెమ్‌లీక్
- స్లబ్ డీబగ్, పేజ్ ఓనర్
- ఫాల్ట్ ఇంజెక్షన్, ఫెయిల్‌స్లాబ్, ఫాల్ట్ ఇంజెక్షన్ డీబగ్ ఎఫ్ఎస్
- డీఎంఏ ఏపీఐ డీబగ్, మీ డ్రైవర్ డీఎంఏ (పరికరం నేరుగా మెమరీని చదివి రాయడం) వాడితే
- డీబగ్ ఆబ్జెక్ట్స్, దాని కింద ఫ్రీ, టైమర్స్, వర్క్
- డీబగ్ ఇన్ఫో, కాల్ సిమ్స్ ఆల్
- 6.10 లేదా ఆపై కెర్నల్ అయితే మెమ్ అలాక్ ప్రొఫైలింగ్

కేసాన్‌ను (వదిలేసిన మెమరీని తాకడం లాంటి తప్పులు పట్టే సాధనం) వీటితో పాటే ఆన్ చేయాలా అని అడుగుతుంటారు. లీకు వెతికేటప్పుడు వద్దు. అది యంత్రాన్ని నెమ్మదింపజేస్తుంది, మెమరీ లెక్కలనూ మారుస్తుంది. సవరణ పూర్తయ్యాక దాని పని ఉంది, తొమ్మిదో అంచెలో చెబుతాను.

బూట్ లైన్‌లో కేమెమ్‌లీక్=ఆన్, పేజ్‌ఓనర్=ఆన్, స్లాబ్‌నోమర్జ్ ఇవ్వండి. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. చిన్న మెమరీ ముక్కలను (ఆబ్జెక్టులను) క్యాష్‌ల నుంచి పంచే కెర్నల్ భాగం స్లబ్, ఆ ముక్కలుండే పేజీల గుంపు స్లాబ్. ఒకే సైజు, ఒకే లక్షణాలు ఉన్న క్యాష్‌లను స్లబ్ కలిపేస్తుంది. అప్పుడు మీ క్యాష్ పెరిగినా అది వేరెవరి పేరు కిందో కనిపిస్తుంది.

2. లీకు నిజంగా ఉందా?

ఫ్రీ ఆదేశం చూపే ఖాళీ మెమరీ తగ్గితే అది లీకు కాదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌ను పేజ్ క్యాష్ వాడుకుంటుంది, వాడుకోవాలి కూడా. డెంట్రీ, ఐనోడ్ క్యాష్‌లు పెరగడమూ అంతే. ఒత్తిడి వస్తే అవే తగ్గుతాయి.

మీరు చూడవలసినది ప్రాక్ (కెర్నల్ తన లెక్కలు చూపే డైరెక్టరీ) కింద మెమ్‌ఇన్ఫో ఫైలులోని ఎస్‌అన్‌రీక్లెయిమ్ వరుస. తిరిగి లాక్కోవడానికి వీలులేని స్లాబ్ మెమరీ అదే.

కొలత ఇలా చేయండి.

మొదట ఒక ఆవృత్తిని నిర్ణయించుకోండి. డివైస్ తెరవడం, చదవడం, మూయడం ఒక ఆవృత్తి. డ్రైవర్‌ను పరికరానికి జతచేసి (బైండ్) విడదీయడం (అన్‌బైండ్) ఇంకొకటి. మాడ్యూల్‌ను ఇన్స్‌మాడ్‌తో ఎక్కించి ఆర్ఎంమాడ్‌తో దించడం మూడోది. ఈ మూడింటినీ కలిపి ఒకే స్క్రిప్టులో పెట్టవద్దు. ఏది కారుతోందో విడిగా తేలాలి.

కొన్ని వందల ఆవృత్తులు ఊరికే తిప్పి వదిలేయండి. తొలిసారి మాత్రమే జరిగే కేటాయింపులు అప్పటికి అయిపోతాయి. ఆ తర్వాత డ్రాప్‌క్యాషెస్ ఫైలుకు 3 రాసి, కొన్ని సెకన్లు ఆగి మొదటి కొలత తీసుకోండి. 1,000 ఆవృత్తులు తిప్పి మళ్లీ కొలవండి. తర్వాత 2,000, ఆపై 4,000.

పెరుగుదల ఆవృత్తులతో పాటు రెట్టింపవుతూ పోతే లీకు ఉన్నట్టే. కొంత పెరిగి ఆగిపోతే అది ఏదో క్యాష్ నిండడం. ఆగి ఆగి మెట్లుమెట్లుగా పెరిగి మళ్లీ పడిపోతుంటే కేఫ్రీ ఆర్‌సీయూ లాంటి వాయిదా విడుదల అయి ఉంటుంది. గ్రేస్ పీరియడ్ (దాన్ని ఇంకా చదువుతున్నవారి కోసం ఆగే గడువు) ముగిసేదాకా ఆ మెమరీ లెక్కలో కనిపిస్తూనే ఉంటుంది.

స్లాబ్‌ఇన్ఫో చూపే క్రియాశీల ఆబ్జెక్టుల సంఖ్య ఖచ్చితమైనది కాదు. సీపీయూల దగ్గర సగం నిండిన స్లాబ్‌లను కూడా స్లబ్ నిండినట్టే లెక్కిస్తుంది. పదుల్లో తేడా వస్తే పట్టించుకోవద్దు. వెయ్యి ఆవృత్తులకు వెయ్యి ఆబ్జెక్టులు పెరిగితే మాత్రం ఆవృత్తికి ఒకటి చొప్పున పోతోందని ఇక అనుమానం అక్కర్లేదు. ఆ నిష్పత్తిని కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆవృత్తికి ఒకటా, రెండా, నాలుగింటికి ఒకటా అన్నదే తర్వాత కోడ్‌లో ఏ లూప్‌ను చూడాలో చెబుతుంది.

3. పోతున్నది ఏ రకం వనరు?

మన కోచింగ్ నోట్సుల్లో లీకు అంటే కేమాలాక్‌కు కేఫ్రీ జత లేకపోవడం అని రాసుకుంటాం. అది అందరికంటే తేలికైన రకం. కింది లక్షణాలను చూసి మీది ఏదో ముందు తేల్చుకోండి.

- ఎస్‌అన్‌రీక్లెయిమ్ పెరుగుతోంది, స్లాబ్‌టాప్‌లో కేమాలాక్-128 లాంటి క్యాష్ ఉబ్బుతోంది: చిన్న ఆబ్జెక్టుల లీకు. 4, 5 అంచెలు.
- స్లాబ్ కదలడం లేదు, మెమరీ మాత్రం పోతోంది: పేజీలు లేదా వీమాలాక్ (పెద్ద కేటాయింపుల ఫంక్షన్). అయిదో అంచె.
- మాడ్యూల్ వాడుకలో ఉందంటూ ఆర్ఎంమాడ్ మొరాయిస్తోంది: రెఫరెన్స్ లెక్క (ఎందరు వాడుతున్నారన్న సంఖ్య) తప్పింది. ఆరో అంచె.
- నెట్‌వర్క్ పరికరం ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నానంటూ కెర్నల్ లాగ్‌లో అదే వరుస తిరిగి తిరిగి వస్తోంది: అదీ రెఫరెన్స్ తప్పే.
- క్లాక్, రెగ్యులేటర్ ఆగడం లేదు, బోర్డు నిద్రలోకి వెళ్లడం లేదు: ఎనేబుల్ లెక్క తప్పింది. ఆరో అంచె చివర.
- అన్నీ సవ్యంగా ఉన్నాయి, సెన్సర్ వైరు ఊడినప్పుడే మెమరీ తగ్గుతోంది: ఎర్రర్ దారి. ఏడో అంచెకు నేరుగా వెళ్లండి.

4. కేమెమ్‌లీక్‌ను సరైన వరుసలో వాడటం

కేమెమ్‌లీక్ 2.6.31 నుంచి కెర్నల్‌లో ఉంది. గ్లోబల్ డేటా, స్టాక్‌ల దగ్గర మొదలుపెట్టి మెమరీ అంతా తిరుగుతూ, ఏ ఆబ్జెక్టు వైపు ఏ పాయింటరూ చూపడం లేదో వెతుకుతుంది. దారి దొరకనిదాన్ని అనాథ అని రిపోర్టు చేస్తుంది. దాని ఫైలు డీబగ్ ఎఫ్ఎస్‌లో (కెర్నల్ డీబగ్ ఫైళ్లుండే వర్చువల్ ఫైల్‌సిస్టమ్) ఉంటుంది.

వరుస ఇది:

1) డీబగ్ ఎఫ్ఎస్ మౌంట్ అయిందో లేదో చూడండి. కేమెమ్‌లీక్ ఫైలులో ఏమైనా రాయబోతే తప్పు వస్తుంటే, బూట్ సమయంలోనే అది తన మెమరీ పూల్ చాలక ఆగిపోయి ఉండవచ్చు. డీమెసెజ్‌లో (కెర్నల్ లాగ్) కారణం ఉంటుంది, పూల్ సైజును కాన్ఫిగ్‌లో పెంచండి.

2) పరీక్షకు ముందు ఫైలుకు క్లియర్ అని రాయండి. ఇదివరకే రిపోర్టు అయినవి పక్కకు పోతాయి. ఈ అడుగు మానేస్తే వేరే డ్రైవర్ల లీకులను మీవిగా భావించి సాయంత్రమంతా వెతుకుతారు.

3) ఆవృత్తులు తిప్పండి. వంద చాలు.

4) కనీసం 5 సెకన్లు ఆగండి. అంతకన్నా కొత్త ఆబ్జెక్టులను అది రిపోర్టు చేయదు.

5) స్కాన్ అని రాయండి, కాసేపాగి మళ్లీ స్కాన్ రాయండి. రెండు స్కాన్‌ల మధ్య మారిన ఆబ్జెక్టును అది అనుమానించదు కాబట్టి ఒక్క స్కాన్ చాలదు. మీరేమీ రాయకపోయినా తనంతట తాను 10 నిమిషాలకోసారి స్కాన్ చేస్తుంది, కానీ పరీక్షలో దానికోసం ఎదురుచూడటం దండగ.

6) ఫైలును చదవండి. ఒక్కో అనాథ ఆబ్జెక్టుకు చిరునామా, సైజు, కేటాయించిన ప్రాసెస్ పేరు, మొదటి కొన్ని బైట్లు, బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందన్న జాబితా) ఉంటాయి.

బ్యాక్‌ట్రేస్ మొదటి వరుసల్లో కేమాలాక్ లోపలి ఫంక్షన్లే ఉంటాయి. వాటిని దాటి మీ మాడ్యూల్ పేరు పక్కన చతురస్ర కుండలీకరణాల్లో కనిపించే తొలి ఫంక్షన్ దగ్గర ఆగండి. అది లీకు పుట్టిన చోటు మాత్రమే. వదలవలసిన చోటు వేరే ఉంటుంది. సవరణ చేయవలసినది దాదాపు ఎప్పుడూ ఆ రెండో చోటే.

ఇప్పుడు చిక్కుముడి. మాడ్యూల్ లోపల ఒక గ్లోబల్ పాయింటర్ ఆ ఆబ్జెక్టును పట్టుకుని ఉన్నంతసేపు కేమెమ్‌లీక్‌కు అది అనాథ కాదు. ఆర్ఎంమాడ్ చేశాకే అనాథ అవుతుంది. కానీ అప్పటికి మాడ్యూల్ వెళ్లిపోయింది కనుక బ్యాక్‌ట్రేస్‌లో ఫంక్షన్ పేర్లకు బదులు ఉత్త అంకెలు వస్తాయి.

దీనికి మందు: మాడ్యూల్ ఎక్కి ఉండగానే రూట్‌గా సిస్ కింద మాడ్యూల్, మీ మాడ్యూల్ పేరు, సెక్షన్స్ డైరెక్టరీలోకి వెళ్లి డాట్ టెక్స్ట్ ఫైలులో ఉన్న బేస్ చిరునామా రాసుకోండి. తర్వాత రిపోర్టులోని చిరునామా నుంచి దాన్ని తీసేస్తే మిగిలే ఆఫ్‌సెట్‌ను డీబగ్ ఇన్ఫోతో బిల్డ్ చేసిన కేఓ (మాడ్యూల్) ఫైలు మీద యాడర్2లైన్‌కు ఇవ్వండి. ఫైలు పేరు, లైను నంబరు వస్తాయి. మాడ్యూల్‌ను మళ్లీ ఎక్కించిన ప్రతిసారీ బేస్ మారుతుందని మరవకండి.

కేమెమ్‌లీక్‌కు కనబడనివి:

- అలాక్ పేజెస్‌తో తీసుకున్న పేజీలు, ఐఓరీమ్యాప్
- గ్లోబల్ లిస్టులో చేరుతూనే పోయి ఎప్పటికీ తీయని ఆబ్జెక్టులు
- డివైస్‌కు కట్టిన డెవ్‌ఎం కేటాయింపులు (డ్రైవర్ విడిపోగానే తామే విడుదలయ్యేవి)
- పాత పాయింటర్ విలువ ఎక్కడో చెత్తగా మిగిలి ఉండటం వల్ల దాక్కున్నవి

దీనికి విరుద్ధంగా, పాయింటర్‌ను షిఫ్ట్ చేసో, భౌతిక చిరునామాగా మార్చో దాచుకుంటే లీకు లేకున్నా రిపోర్టు వస్తుంది. అలాంటి చోట కేమెమ్‌లీక్ నాట్ లీక్ అనే ఫంక్షన్ వాడాలి. రిపోర్టు నోరు నొక్కడానికి దాన్ని వాడే కోడ్ మీ దగ్గరకు సమీక్షకు వస్తే తిప్పి పంపండి.

5. కేమెమ్‌లీక్ మౌనంగా ఉంటే

6.10 కెర్నల్ నుంచి వచ్చిన మెమరీ అలొకేషన్ ప్రొఫైలింగ్ నా దృష్టిలో ఈ పనికి అన్నిటికంటే సుఖమైన సాధనం. ప్రాక్ కింద అలాక్‌ఇన్ఫో ఫైలు చదివితే కెర్నల్‌లోని ప్రతి కేటాయింపు స్థలానికీ ఒక వరుస ఉంటుంది: బైట్లు, సంఖ్య, ఫైలు, లైను, ఫంక్షన్. పరీక్షకు ముందు ఒక కాపీ, తర్వాత ఒక కాపీ తీసుకుని తేడా చూడండి, అంతే. పేజీ కేటాయింపులూ అందులోనే కనిపిస్తాయి. గ్లోబల్ లిస్టులో దాక్కున్నవీ దొరుకుతాయి, ఎందుకంటే ఇది పాయింటర్లను వెతకదు, లెక్క మాత్రమే చూస్తుంది. మాడ్యూల్ దిగిపోయేటప్పుడు ఇంకా వదలని మెమరీ ఉంటే ఏ లైనుదో కెర్నల్ లాగ్‌లో చెబుతుంది కూడా.

పాత కెర్నల్ మీద ఉన్నారా? స్లబ్‌డీబగ్ బూట్ ఆప్షన్‌కు యూ అక్షరం, కామా, క్యాష్ పేరు ఇవ్వండి. డీబగ్ ఎఫ్ఎస్‌లో స్లాబ్ డైరెక్టరీ కింద ఆ క్యాష్‌కు అలాక్ ట్రేసెస్ ఫైలు వస్తుంది. ఏ కోడ్ ఎన్ని ఆబ్జెక్టులు పట్టుకుని ఉందో ఎక్కువ నుంచి తక్కువకు చూపిస్తుంది. అన్ని క్యాష్‌లకూ ఒకేసారి పెడితే యంత్రం ఈడ్చుకుంటూ నడుస్తుంది. అనుమానం ఉన్న ఒక్కదానికే పెట్టండి.

ఇంకో ఉపాయం ఏ టూలూ అడగదు. తరచుగా కేటాయించే మీ స్ట్రక్చర్‌కు సొంత క్యాష్ పెట్టండి. దిగిపోయేటప్పుడు కేమెమ్ క్యాష్ డిస్ట్రాయ్ పిలిస్తే, ఇంకా ఆబ్జెక్టులు మిగిలి ఉంటే కెర్నల్ అక్కడికక్కడే గట్టిగా అరుస్తుంది. క్యాష్ వేరొకదానితో కలిసిపోతే మాత్రం ఈ హెచ్చరిక రాదు. అందుకే స్లాబ్‌నోమర్జ్.

పేజీల లీకుకు పేజ్ ఓనర్ ఫైలు చదివి, కెర్నల్ సోర్స్‌లోని పేజ్ ఓనర్ సార్ట్ ప్రోగ్రాంతో వరుసపెట్టండి. వీమాలాక్, ఐఓరీమ్యాప్‌లకు ప్రాక్‌లోని వీమాలాక్‌ఇన్ఫో చాలు. ప్రతి వరుసలో పిలిచిన ఫంక్షన్ పేరు ఉంటుంది.

6. రెఫరెన్స్ లెక్కలు

అసలు శ్రమంతా ఇక్కడే. కేమాలాక్ లీకు ఒక పూటలో దొరుకుతుంది, రెఫరెన్స్ లీకు వారం తింటుంది. ఎందుకంటే తప్పు చేసినవాడి పేరు ఎక్కడా రాసి ఉండదు, మిగిలిన సంఖ్య ఒక్కటే కనిపిస్తుంది. పెళ్లి అయ్యాక టెంట్‌హౌస్ సామానులో నాలుగు గిన్నెలు తగ్గాయని తెలిస్తే సరిపోదు. ఎవరు తీసుకెళ్లి తేలేదో తెలియాలి. అంటే ఇచ్చినప్పుడల్లా, తీసుకున్నప్పుడల్లా పేరు రాయాలి.

6.1 మాడ్యూల్ లెక్క. ఎల్ఎస్‌మాడ్ మూడో నిలువు వరుస చూడండి. సున్నా కాకపోతే ముందు మీ డివైస్ ఫైలును ఏ ప్రాసెస్ తెరిచి ఉంచిందో ఫ్యూజర్‌తో చూసుకోండి. చాలాసార్లు మరో టెర్మినల్‌లో మరిచిపోయిన క్యాట్ ఆదేశమే నేరస్థుడు. ఎవరూ లేకపోయినా లెక్క మిగిలితే మాడ్యూల్ గెట్, మాడ్యూల్ పుట్ ట్రేస్‌పాయింట్లను ఆన్ చేయండి. ప్రతి పెంపు, తగ్గింపు ఏ కోడ్ చిరునామా నుంచి జరిగిందో వస్తుంది. బలవంతపు ఆర్ఎంమాడ్ జోలికి పోవద్దు. లీకు కాస్తా క్రాష్‌గా మారుతుంది.

6.2 డివైస్ లెక్క. గెట్ డివైస్, పుట్ డివైస్ మీద కేప్రోబ్ (కెర్నల్ ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా చెప్పే నిఘా) పెట్టి, మొదటి ఆర్గ్యుమెంటు మీ డివైస్ చిరునామా అయినప్పుడు మాత్రమే స్టాక్ ట్రేస్ ముద్రించమనండి. బీపీఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ సాధనంతో రెండు మూడు వరుసల స్క్రిప్టు అవుతుంది. వచ్చిన స్టాక్‌లను జతలుగా కొట్టేసుకుంటూ పోతే ఒంటరిగా మిగిలేదే మీకు కావలసినది. కేరెఫ్ గెట్ లాంటివి ఇన్‌లైన్ ఫంక్షన్లు కనుక వాటి మీద కేప్రోబ్ పట్టదు. వాటిని పిలిచే మీ ఫంక్షన్ మీద పెట్టండి, లేదా మీ కోడ్‌లో గెట్, పుట్‌లకు రెండు చిన్న చుట్టు ఫంక్షన్లు రాసి నోఇన్‌లైన్ అని గుర్తు పెట్టండి.

6.3 పేరు చెప్పకుండా లెక్క పెంచే ఫంక్షన్లు. సమీక్షలో నేను మొదట వెతికేది వీటినే.

- డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్ వర్ణన) నోడ్ వెతికి ఇచ్చే ఓఎఫ్ ఫంక్షన్లు నోడ్ లెక్క పెంచి ఇస్తాయి. పని కాగానే ఓఎఫ్ నోడ్ పుట్ కావాలి.
- ఫర్ ఈచ్ చైల్డ్ ఆఫ్ నోడ్ లూప్ చివరిదాకా నడిస్తే లెక్క అదే సరిచేసుకుంటుంది. మధ్యలో బ్రేక్ చేసినా, రిటర్న్ చేసినా ఒక లెక్క మీ మీద మిగులుతుంది.
- బస్ ఫైండ్ డివైస్, క్లాస్ ఫైండ్ డివైస్ లాంటివి కూడా గెట్ చేసే ఇస్తాయి.
- పీఎం రన్‌టైమ్ గెట్ సింక్ విఫలమైనా వాడుక లెక్కను పెంచే ఉంచుతుంది. కొత్త కోడ్‌లో దాని బదులు పీఎం రన్‌టైమ్ రెజ్యూమ్ అండ్ గెట్ వాడండి.
- డివైస్ రిజిస్టర్ విఫలమైతే నేరుగా కేఫ్రీ చేయకూడదు, పుట్ డివైస్ పిలవాలి. కేఆబ్జెక్ట్ ఇనిట్ అండ్ యాడ్‌కూ అంతే.

6.4 నెట్‌వర్క్ పరికరాలు. పరికరం తొలగిపోక లాగ్ నిండుతుంటే నెట్‌డెవ్ రెఫ్‌కౌంట్ ట్రాకర్ ఆప్షన్‌తో బిల్డ్ చేయండి. ఇది 5.17 కెర్నల్ నుంచి ఉంది. ఎవరు పట్టుకుని ఉన్నారో స్టాక్‌తో సహా చూపిస్తుంది.

6.5 క్లాక్, రెగ్యులేటర్. డీబగ్ ఎఫ్ఎస్‌లో క్లాక్ సమ్మరీ, రెగ్యులేటర్ సమ్మరీ ఫైళ్లు ఉన్నాయి. బైండ్ ముందు, అన్‌బైండ్ తర్వాత ఎనేబుల్ సంఖ్యలు ఒకటిగా ఉండాలి.

7. ఎర్రర్ దారిని బలవంతంగా నడిపించడం

మన సెన్సర్ డ్రైవర్ ప్రోబ్ ఫంక్షన్‌లో (బైండ్ అయ్యేటప్పుడు నడిచేది) ఆరు కేటాయింపులు ఉన్నాయనుకోండి. టేబుల్ మీద ఆరూ ఎప్పుడూ విజయవంతమే. అయిదోది విఫలమైతే మొదటి నాలుగింటినీ వదిలే కోడ్ రాశారు, కానీ దాన్ని ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. లీకులకు ఇష్టమైన చోటు అదే.

ముందు కళ్లతో చదవండి. గోటూ లేబుళ్ల మెట్లు కేటాయింపులకు సరిగ్గా తలకిందుల వరుసలో ఉండాలి. మధ్యలో కొత్త కేటాయింపు చేర్చినప్పుడు దాని కింద ఉన్న గోటూలన్నీ దాన్ని వదిలే మెట్టు మీదుగా వెళ్తున్నాయో లేదో చూడండి. గోటూ ఉండవలసిన చోట నేరుగా రిటర్న్ ఉందేమో వెతకండి. కేరీఅలాక్ ఫలితాన్ని అదే పాయింటర్‌లోకి వేసుకుంటే, విఫలమైనప్పుడు పాత బ్లాక్ చిరునామా పోయి అది అనాథ అవుతుంది.

తర్వాత నడిపించండి. ఫాల్ట్ ఇంజెక్షన్‌లో (కావాలని వైఫల్యం కలిగించే సౌకర్యం) ఫెయిల్-ఎన్‌టీహెచ్ అనే ఫైలు ఉంది, ప్రాక్‌లో ప్రతి ప్రాసెస్‌కూ ఉంటుంది. అందులో 5 రాస్తే ఆ ప్రాసెస్ చేసే అయిదో కేటాయింపు విఫలమవుతుంది.

1) డీబగ్ ఎఫ్ఎస్‌లో ఫెయిల్‌స్లాబ్ డైరెక్టరీ తెరిచి ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్ విలువను ఎన్ చేయండి. మొదట అది వై గా ఉంటుంది. అలా ఉన్నంతకాలం నిద్రపోగల కేటాయింపులు, అంటే మీరు రోజూ వాడే జీఎఫ్‌పీ కెర్నల్ రకం, ఎప్పటికీ విఫలం కావు. పరీక్ష నెగ్గిందని సంబరపడే చాలామంది దగ్గర అసలు పరీక్షే జరిగి ఉండదు.

2) డ్రైవర్‌ను అన్‌బైండ్ చేయండి.

3) 1 నుంచి మొదలుపెట్టి: షెల్ తన ఫెయిల్-ఎన్‌టీహెచ్‌లో సంఖ్య రాసి, అదే షెల్ నుంచి సిస్‌లోని బైండ్ ఫైలుకు పరికరం పేరు రాయాలి. బైండ్ ఫైలుకు రాసిన ప్రాసెస్ సందర్భంలోనే ప్రోబ్ నడుస్తుంది. బయటి ప్రోగ్రాంను పిలిస్తే లెక్క వేరే ప్రాసెస్‌కు పోతుంది, షెల్ సొంత ఎకో వాడండి.

4) వెంటనే ఫెయిల్-ఎన్‌టీహెచ్ చదవండి. సున్నా అయితే విఫలం నిజంగా జరిగింది. ఇంకా మిగిలి ఉంటే అన్ని కేటాయింపులూ దాటిపోయారు, లూప్ ఆపేయండి. ఏదైనా సరే, తర్వాత 0 రాసి తుడిచేయండి.

5) బైండ్ నెగ్గితే అన్‌బైండ్ చేసి, సంఖ్యను ఒకటి పెంచి మళ్లీ. మొదటి కొన్ని సంఖ్యలు ఫైలు తెరవడంలోనే ఖర్చయిపోతాయి, కంగారు పడవద్దు.

6) లూప్ ముగిశాక కేమెమ్‌లీక్ స్కాన్, అలాక్‌ఇన్ఫో తేడా.

మెమరీ మాత్రమే కాదు, హార్డ్‌వేర్ వైఫల్యమూ చూడాలి. ఐ2సీ సెన్సర్ ఎస్‌డీఏ (డేటా) వైరు ఊడదీసి వెయ్యి రీడింగులు అడగండి. ఎర్రర్ దారిలో బఫర్ వదలడం మరిచిపోయిన డ్రైవర్ అప్పుడే బయటపడుతుంది. నాలా పక్కన పెట్టెలో తేమ చేరితే జరిగేదీ ఇదే.

8. మిగతా వనరులు, క్లుప్తంగా

ఐఆర్‌క్యూ (అంతరాయ లైను) వదలకుండా మాడ్యూల్ దిగిపోతే అది లీకుగా మిగలదు, తర్వాతి అంతరాయం రాగానే, ఇప్పుడు లేని కోడ్‌లోకి దూకి యంత్రం కూలుతుంది. ప్రాక్‌లోని ఇంటరప్ట్స్ ఫైలును అన్‌బైండ్ తర్వాత, మాడ్యూల్ ఇంకా ఎక్కి ఉండగానే చూడండి.

టైమర్ సజీవంగా ఉండగా దాని స్ట్రక్చర్‌ను వదిలితే డీబగ్ ఆబ్జెక్ట్స్ పట్టుకుంటుంది. టైమర్, వర్క్ (తర్వాత చేయమని వాయిదా వేసిన పని) ఒకదాన్నొకటి లేపుకునే డ్రైవర్లలో ఏది ముందు ఆపినా రెండోది మళ్లీ లేపుతుంది. 6.2 కెర్నల్ నుంచి ఉన్న టైమర్ షట్‌డౌన్ సింక్ ఆ గొడవను తీరుస్తుంది.

కాల్ ఆర్‌సీయూ వాడే మాడ్యూల్ దిగేముందు ఆర్‌సీయూ బారియర్ పిలవాలి.

డీఎంఏ మ్యాపింగ్ మిగిలిపోతే డ్రైవర్ విడిపోయేటప్పుడు డీఎంఏ డీబగ్ లాగ్‌లో చెబుతుంది. రిక్వెస్ట్ ఫర్మ్‌వేర్‌కు రిలీజ్ ఫర్మ్‌వేర్ జత.

9. సవరణ రాయడం

డెవ్‌ఎం కుటుంబం ప్రోబ్ కోడ్‌ను సగానికి తగ్గిస్తుంది. డ్రైవర్ విడిపోగానే తీసుకున్నవన్నీ తలకిందుల వరుసలో తామే విడుదలవుతాయి. కానీ దాన్ని సర్వరోగ నివారిణిగా వాడేవారే ఎక్కువ, రెండు చోట్ల అది కొంప ముంచుతుంది.

మొదటిది: ఓపెన్, రీడ్, ఐఓసీటీఎల్ ఫంక్షన్లలో డెవ్‌ఎం కేటాయింపులు. అవి పరికరం విడిపోయేదాకా ఉంటాయి. సెకనుకోసారి పిలిచే రీడ్‌లో పెడితే అచ్చమైన లీకు, పైగా కేమెమ్‌లీక్‌కు కనబడని లీకు. డెవ్‌ఎంను ప్రోబ్‌కే పరిమితం చేయండి.

రెండోది: కొన్ని డెవ్‌ఎంతో, కొన్ని చేత్తో. రిమూవ్ ఫంక్షన్ నడిచిన తర్వాతే డెవ్‌ఎం విడుదలలు జరుగుతాయి. ఐఆర్‌క్యూ డెవ్‌ఎంతో తీసుకుని, దాని బఫర్‌ను రిమూవ్‌లో కేఫ్రీ చేస్తే, ఆ రెంటి మధ్య వచ్చే అంతరాయం పోయిన బఫర్‌ను తాకుతుంది. చేత్తో వదిలేవాటిని డెవ్‌ఎం యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్‌తో అదే వరుసలోకి తెచ్చేయండి.

ఫంక్షన్ లోపలి తాత్కాలిక మెమరీకి 6.5 కెర్నల్ నుంచి వచ్చిన క్లీనప్ హెడర్ ఉంది. పరిధి దాటగానే కేఫ్రీ తానే జరుగుతుంది. ఒకే ఫంక్షన్‌లో గోటూ మెట్లను, దీన్ని కలపవద్దు. ఫంక్షన్ మొత్తం ఒక పద్ధతికి మార్చండి, లేదా పాత పద్ధతిలోనే వదిలేయండి.

లీకు మూసేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు, ఒక పుట్ ఎక్కువ వేయడం. అప్పుడు కేసాన్‌ను ఆన్ చేసిన కెర్నల్ మీద మొత్తం పరీక్ష మళ్లీ నడపండి. రెఫ్‌కౌంట్ సున్నా కిందికి వెళ్లిందన్న హెచ్చరిక వస్తే, మీరు వేసిన పుట్ తప్పు చోట పడినట్టు.

10. ప్యాచ్ పంపేముందు

- 1,000, 2,000, 4,000 ఆవృత్తుల కొలతలు మూడూ చదునుగా ఉన్నాయా? తెరిచి మూసే ఆవృత్తి, బైండ్ ఆవృత్తి, ఇన్స్‌మాడ్ ఆవృత్తి విడివిడిగా చూశారా?
- సవరణ తీసేస్తే లీకు మళ్లీ కనిపిస్తోందా? కనిపించకపోతే మీరు మూసింది వేరే చిల్లు.
- ఫెయిల్-ఎన్‌టీహెచ్ లూప్ చివరిదాకా నడిచిందా?
- డివైస్ ఫైలు తెరిచి ఉండగా అన్‌బైండ్ చేసి చూశారా?
- మేక్ కోక్సీచెక్‌ను మీ డైరెక్టరీ మీద నడిపారా? ఓఎఫ్ నోడ్ పుట్ మరిచిన లూపులను అది చదివే పట్టేస్తుంది.
- రాత్రంతా నడిపే పరీక్ష అయితే బోర్డు, లాగ్ తీసుకునే యంత్రం రెండూ యూపీఎస్ మీదే ఉన్నాయా? మే నెల గాలివానకు కరెంటు పోతే ఉదయానికి బోర్డు కొత్తగా బూట్ అయి, లీకు లేనట్టే కనిపిస్తుంది. పరీక్ష ముగిశాక అప్‌టైమ్ చూడండి.

కమిట్ సందేశంలో ఏ దారిలో, ఏ వనరు, ఏ కారణంగా పోతోందో రెండు వాక్యాల్లో రాయండి. కేమెమ్‌లీక్ బ్యాక్‌ట్రేస్‌లో మీ మాడ్యూల్‌కు సంబంధించిన వరుసలు మాత్రం జోడించండి. తప్పును తెచ్చిన పాత కమిట్‌ను గిట్ బ్లేమ్‌తో వెతికి, దాని హ్యాష్‌లోని మొదటి 12 అక్షరాలతో ఫిక్సెస్ ట్యాగ్ పెట్టండి. స్థిర కెర్నళ్లకూ చేరాలంటే స్టేబుల్ జాబితాను సీసీ ట్యాగ్‌లో చేర్చండి.